విండోస్ 10 లాప్‌టాప్‌ని లినక్స్ మింట్‌కి మార్చాలి: ఏం పోతుంది, ఏం మిగులుతుంది?

గోళీసోడా_మూత
లాప్‌టాప్ ఐ3-6006యూ, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10 హోమ్. 2025 అక్టోబరు 14తో దానికి సపోర్టు అయిపోయింది. 11 వేద్దామంటే ఇంటెల్‌లో 8వ తరం ప్రాసెసర్ ఉండాలంటోంది. ఆన్ చేశాక డెస్క్‌టాప్ వచ్చేలోపు టీ పెట్టుకుని తాగి గ్లాసు కూడా కడిగేయొచ్చు. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ ఎప్పుడు చూసినా 100 శాతం.
వాడకం: బ్రౌజర్, యూట్యూబ్, వర్డ్‌లో తెలుగు ఉత్తరాలు, ఎక్సెల్‌లో లెక్కలు, ప్రింట్లు (హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 ప్లస్). కమాండ్లు రావు, నేర్చుకునే ఓపికా లేదు.
విండోస్ బదులు వేసుకునే లినక్స్ రకాల్లో మింట్, జోరిన్, ఉబుంటు అంటున్నారు. ఏది? విండోస్ పక్కనే ఉంచాలా, తీసేయాలా? తెలుగు టైపింగ్ ఎలా? ఫైళ్లు మాత్రం ఒక్కటి కూడా పోకూడదు.

పుదీనా_పచ్చడి
మింట్. 22 సిరీస్‌కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. ఎడిషన్లు మూడు: సినమన్, మాటే, ఎక్స్‌ఎఫ్‌సీఈ. మీ 4 జీబీకి తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ తీసుకోండి. కింద ప్యానెల్, ఎడమ మూల మెనూ, కుడి మూల గడియారం. విండోస్ 7 వాడిన చేతికి పది నిమిషాల్లో అలవాటవుతుంది.

ఖాళీ_స్లాట్
పుదీనా, దాల్చినచెక్క, మాటే ఆకు. ఇది ఆపరేటింగ్ సిస్టమా, పోపుల డబ్బానా?

వరంగల్_వైఫై
పుదీనా అన్న, వరుస తప్పు చెప్తున్నవ్. ముందుగాల డిస్క్ మార్చాలె. డిస్క్ 100 శాతం చూపిస్తుందంటే తిరిగే డిస్క్ అందుకుంటలేదన్నట్టు. దాని మీద ఏ లినక్స్ పెట్టినా బ్రౌజర్ తెరుచుకునేసరికి అర నిమిషం పడ్తది, మల్ల "లినక్స్ కూడ స్లోనే" అంటరు. 240 లేదా 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ, 2.5 అంగుళాలది, వేసుకోండ్రి. ఇంకో 4 జీబీ ర్యామ్ కూడ వేస్తే ఇంక అడగనక్కర్లేదు.
ర్యామ్ కొనేముందు విండోస్ టాస్క్ మేనేజర్‌ల మెమరీ ట్యాబ్ చూడుండ్రి. స్పీడు 2133 అని ఉంటే డీడీఆర్4, 1600 అని ఉంటే డీడీఆర్3ఎల్. ఈ ప్రాసెసర్‌కి రెండూ పడ్తయి కాబట్టి మోడల్ చూసి అంచనా వెయ్యద్దు. ఎన్ని స్లాట్లు ఖాళీగున్నయో కూడ ఆడనే కనిపిస్తది.

పుదీనా_పచ్చడి
ఒప్పుకుంటున్నా. ఎస్‌ఎస్‌డీ వేస్తే "విండోస్ ఉంచాలా తీసేయాలా" అన్న ప్రశ్న కూడా తీరిపోతుంది. పాత హార్డ్ డిస్క్ ఊడదీసి పక్కన పెట్టండి. విండోస్, ఫైళ్లు అన్నీ దాంట్లోనే భద్రం. కొత్త ఎస్‌ఎస్‌డీ మీద మింట్ ఎన్నిసార్లు తప్పుగా వేసినా పోయేదేం లేదు.

గోళీసోడా_మూత
పక్కన పెడితే ఫైళ్లు ఎలా తెరవాలి?

వరంగల్_వైఫై
రెండు దార్లు. సాటా టు యూఎస్‌బీ కేసు కొంటే పెన్‌డ్రైవ్ లెక్క వాడొచ్చు. లేదంటే డీవీడీ డ్రైవ్ తీసేసి దాని జాగల క్యాడీ పెట్టి హార్డ్ డిస్క్ అందుల బిగించొచ్చు. క్యాడీలు 9.5 మిల్లీమీటర్లు, 12.7 మిల్లీమీటర్లు అని రెండు మందాలు ఉంటయి. డ్రైవ్ బయటికి తీసి స్కేలు పెట్టి కొలిచినంకనే కొనుండ్రి. ఎస్‌ఎస్‌డీ మాత్రం అసలు జాగల, హార్డ్ డిస్క్ క్యాడీల. ఉల్టా పెట్టద్దు.

బూట్‌లోడర్_బాధితుడు
క్యాడీ పెట్టేవాళ్లు ఇది మర్చిపోవద్దు: ఇన్‌స్టాల్ చేసేటప్పుడు హార్డ్ డిస్క్ లోపల ఉండకూడదు. ఉంటే మింట్ ఇన్‌స్టాలర్ తన బూట్ ఫైళ్లని ఎస్‌ఎస్‌డీలో కాకుండా, అప్పటికే ఉన్న విండోస్ ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లో (బూట్ ఫైళ్లు ఉండే చిన్న భాగం) పెట్టేస్తుంది. "డివైజ్ ఫర్ బూట్‌లోడర్" దగ్గర మీరు ఎస్‌ఎస్‌డీ ఎంచుకున్నా సరే వినదు. ఏళ్ల నుంచి ఉన్న లోపం ఇది. అంతా బాగానే ఉన్నట్టు ఉంటుంది, ఆర్నెల్ల తర్వాత హార్డ్ డిస్క్ తీసిన రోజు ఎస్‌ఎస్‌డీ బూట్ అవదు. మింట్ ఎక్కాక క్యాడీ దూర్చండి.

శివారు_సర్వర్
అంత కష్టం ఎందుకండీ? 2026 అక్టోబరు 13 వరకు విండోస్ 10కే పొడిగింపు అప్‌డేట్లు ఉన్నాయి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో నమోదైతే చాలు. లేదంటే రూఫస్ (ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ తయారుచేసే ప్రోగ్రామ్) వాడేటప్పుడు టీపీఎం అనే భద్రతా చిప్ తనిఖీ తీసేసే ఆప్షన్ ఉంటుంది, 11 ఎక్కేస్తుంది.

పుదీనా_పచ్చడి
ఎక్కుతుంది, కాదనను. కానీ మద్దతు లేని మెషీన్ కాబట్టి ఏటా వచ్చే పెద్ద అప్‌డేట్ మామూలుగా రాదు, ప్రతిసారీ అదే తంతు మళ్లీ చేయాలి. పైగా 4 జీబీ ర్యామ్ మీద 11 అంటే ఆటోలో పదిమందిని ఎక్కించడమే. పొడిగింపు సంగతి మాత్రం మంచి మాట. హడావుడి లేకుండా మారడానికి ఆ టైమ్ వాడుకోవచ్చు.

జోరిన్_జోరు
జోరిన్ గురించి ఎవరూ ఎత్తరేం? జోరిన్ 18 సరిగ్గా 2025 అక్టోబరు 14నే వచ్చింది, విండోస్ 10 వదిలేవాళ్ల కోసమే. చూడ్డానికి మింట్ కంటే బాగుంటుంది.

ఎక్స్‌ఎఫ్‌సీఈ_వీరాభిమాని
బాగుంటుంది, కాదన్నదెవరు? కానీ దాని డెస్క్‌టాప్ గ్నోమ్ అనే బరువైన డెస్క్‌టాప్ మీద కట్టింది, 4 జీబీ మెషీన్‌లో ఆ భారం తెలిసిపోతుంది. 8 జీబీ, ఎస్‌ఎస్‌డీ ఉన్నవాళ్లు నిరభ్యంతరంగా వేసుకోవచ్చు. జోరిన్, మింట్, ఉబుంటు మూడింటి పునాదీ ఒకటే కాబట్టి డ్రైవర్ల విషయంలో పెద్ద తేడా ఉండదు.

ఖాళీ_స్లాట్
గూగుల్ వాళ్ల క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ వేసుకుంటే?

ఎక్స్‌ఎఫ్‌సీఈ_వీరాభిమాని
దాంట్లో ప్లే స్టోర్ యాప్‌లు రావు. ఈయన ప్రింటర్‌కి డ్రైవర్ వేయడమూ కుదరదు. వద్దు.

పుదీనా_పచ్చడి
సరే, పెన్‌డ్రైవ్ పని. 8 జీబీది చాలు. లోపలున్నవన్నీ చెరిగిపోతాయి, ముందే కాపీ తీసుకోండి.
ఐఎస్‌ఓ ఫైల్ (మింట్ మొత్తం ఉండే ఒకే ఫైల్) మింట్ అసలు సైట్ నుంచే దించండి, 3 జీబీకి అటూ ఇటూ ఉంటుంది. దించాక షా256 (ఫైల్ అసలుదో కాదో చెప్పే కోడ్) సైట్‌లో ఇచ్చినదానితో సరిచూడండి. "అదంతా ఎవడు చూస్తాడు" అనుకోవద్దు. 2016 ఫిబ్రవరిలో మింట్ సైట్‌నే హ్యాక్ చేసి, సినమన్ 17.3 లింకు మార్చేసి, దొడ్డిదారి పెట్టిన ఐఎస్‌ఓ అంటగట్టారు. సరిచూసుకున్నవాళ్లకి వెంటనే తెలిసిపోయింది.
తర్వాత రూఫస్ గానీ ఎచర్ గానీ తెరిచి ఐఎస్‌ఓ చూపించి రాయండి. రాయడం అయ్యాక "ఈ డిస్క్ ఫార్మాట్ చేయాలి, చేయనా?" అని విండోస్ అడగొచ్చు. క్యాన్సిల్ కొట్టండి. లినక్స్ పార్టిషన్ విండోస్‌కి అర్థం కాక అడుగుతుంది అంతే. అక్కడ సరే అన్నవాళ్లే ఇక్కడికొచ్చి "పెన్‌డ్రైవ్ బూట్ అవట్లేదు" అని పోస్టు పెడుతుంటారు.

బూట్‌లోడర్_బాధితుడు
బూట్ మెనూ మీటలు: హెచ్‌పీలో ఎస్కేప్ కొట్టి ఎఫ్9. డెల్, లెనోవోలో ఎఫ్12. అసూస్ లాప్‌టాప్‌లో ఎస్కేప్. ఏసర్‌లో ముందు ఎఫ్2తో బయోస్‌లోకి వెళ్లి ఎఫ్12 మెనూని ఆన్ చేస్తే గానీ ఎఫ్12 పలకదు. కొన్ని ఏసర్‌లలో ఇన్‌స్టాల్ అయ్యాక ఇంకో మెలిక ఉంది. బయోస్‌లో సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ పెట్టి, "సెలెక్ట్ యాన్ యూఈఎఫ్‌ఐ ఫైల్ యాజ్ ట్రస్టెడ్" దగ్గర ఉబుంటు ఫోల్డర్‌లోని షిమ్ ఫైల్ చూపించాలి. మింట్ వేసినా ఆ ఫోల్డర్ పేరు ఉబుంటు అనే ఉంటుంది, కంగారు పడొద్దు.

గోళీసోడా_మూత
పెన్‌డ్రైవ్ నుంచి తెరిస్తే వెంటనే డిస్క్ చెరిపేస్తుందా?

పుదీనా_పచ్చడి
లేదు. లైవ్‌లో తెరుచుకుంటుంది, డెస్క్‌టాప్ మీద "ఇన్‌స్టాల్ లినక్స్ మింట్" బొమ్మ నొక్కేదాకా డిస్క్ జోలికి పోదు. ఆ లైవ్‌లోనే గంటసేపు వాడి చూడండి. వైఫై కలిసిందా, రూటర్‌కి దూరంగా వెళ్తే నిలిచిందా. స్పీకర్లు, హెడ్‌ఫోన్ జాక్, మైకు, కెమెరా. వెలుతురు మీటలు. టచ్‌ప్యాడ్‌లో రెండు వేళ్ల స్క్రోల్. మూత మూసి రెండు నిమిషాలాగి తెరిస్తే లేచిందా. చాలామంది చూడనిది ఈ చివరిదే, తర్వాత బాధపడేదీ దానితోనే.
లైవ్‌లో పెన్‌డ్రైవ్ వేగమే వేగం. నెమ్మదిగా ఉందని నిరాశపడొద్దు.

జీఎస్టీ_అక్క
ఈ చర్చ చదివి మారదామనుకునే అకౌంట్స్ వాళ్లకి ఒక మాట. టాలీ ప్రైమ్‌కి లినక్స్ వెర్షన్ లేదు. వైన్‌లో (విండోస్ ప్రోగ్రాములని లినక్స్‌లో నడిపేది) తెరుచుకుందని వీడియోలు పెడతారు; తెరుచుకోవడం వేరు, మార్చి 31 రాత్రి పనిచేయడం వేరు. టాలీ ఉన్న మెషీన్‌ని ముట్టుకోకండి. డిజిటల్ సంతకం టోకెన్ సంగతి అంత దారుణం కాదు. జీఎస్టీ పోర్టల్‌లో సంతకం చేయించే ఎంసైనర్‌కి లినక్స్ వెర్షన్ ఉంది, ఈపాస్2003 టోకెన్‌కి లినక్స్ డ్రైవర్ కూడా దొరుకుతుంది. సొంత వ్యాపారస్తులైతే ఓటీపీతోనే ఫైల్ చేయొచ్చు, టోకెన్ అక్కర్లేదు. కంపెనీలు, ఎల్‌ఎల్‌పీలకి తప్పదు.

డీటీపీ_దుర్గ
డీటీపీ వాళ్లు కూడా ఆగాలి. పేజ్‌మేకర్, అను ఫాంట్ల మీద బతికే షాపులకి మింట్ పనికిరాదు. అను యూనికోడ్ కాదు, ఇంగ్లిష్ అక్షరాల గళ్లలో తెలుగు ముక్కలు కూర్చిన ఫాంట్. ఫాంటు ఫైల్ లినక్స్‌లో వేస్తే అక్షరం కనిపిస్తుంది గానీ, టైపు చేసేటప్పుడు గుణింతాలూ వత్తులూ పేర్చే కీబోర్డు ప్రోగ్రామ్ విండోస్‌దే. పాత ఫైళ్లు యూనికోడ్‌లోకి మార్చుకునే కన్వర్టర్లు ఉన్నాయి, కానీ వత్తుల దగ్గర తప్పులు వస్తాయి, ప్రూఫ్ చూడకుండా ప్రెస్సుకి పంపొద్దు.
కొత్తగా యూనికోడ్‌లో చేసుకునేవాళ్లకి స్క్రైబస్ 1.6 ఉంది, తెలుగు వత్తులు సరిగ్గా పడతాయి. ఇంక్‌స్కేప్‌లో కూడా.

గోళీసోడా_మూత
అను కాదు, నావన్నీ యూనికోడ్. గౌతమి ఫాంటులో ఉన్నాయి ఉత్తరాలు. వాటి గతి?

డీటీపీ_దుర్గ
అక్షరాలకేం కాదు. ఫాంటు మాత్రం నోటో సాన్స్ తెలుగులోకి మారి కనిపిస్తుంది. దాని కొలతలు గౌతమి కొలతలు కావు, అందుకని ఒక పేజీ ఉత్తరం రెండో పేజీలోకి రెండు లైన్లు జారొచ్చు. గుండ్రంగా కావాలంటే మండలి, శీర్షికలకి రామభద్ర, ఎన్‌టీఆర్, సురవరం లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. ఫైల్ మీద రెండుసార్లు నొక్కితే ఇన్‌స్టాల్ బటన్ వస్తుంది.
ఇంగ్లిష్ భాగం కాలిబ్రిలో ఉంటే సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో కార్లిటో వెతికి వేయండి, కేంబ్రియాకి కలాడియా. వాటి అక్షరాల వెడల్పు అచ్చంగా అదే, లైన్లు చెదరవు.

ఖాళీ_స్లాట్
పాత డిస్క్‌లో విండోస్ ఫాంట్స్ ఫోల్డర్ ఉంటుందిగా, గౌతమినే కాపీ కొట్టేస్తే పోలా?

డీటీపీ_దుర్గ
పనిచేస్తుంది. లైసెన్సు మాత్రం విండోస్‌తో పాటు వాడుకోవడానికే. నేను చెప్పను, మీరు అడగలేదు.
ఇంకోటి, మింట్‌లో వర్డ్, ఎక్సెల్ బదులు వాడే లిబ్రె ఆఫీస్‌లో అందరూ తికమకపడేది. "ఫాంటు సైజు పెంచినా తెలుగు పెరగట్లేదు" అంటారు. దాంట్లో ఇంగ్లిష్‌కి ఒక ఫాంటు, తెలుగు లాంటి లిపులకి వేరే ఫాంటు, రెండు లెక్కలు. ఆప్షన్స్‌లో లాంగ్వేజెస్ కింద "కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్" టిక్ పెట్టి, భాష తెలుగు ఎంచుకోండి. ఆ తర్వాత ఫార్మాట్, క్యారెక్టర్ తెరిస్తే రెండు భాగాలు కనిపిస్తాయి. తెలుగు సైజు అక్కడ మార్చాలి.

టైపురైటర్_తాత
టైపింగ్ గురించి ఎవరూ చెప్పలేదు. ఇన్‌స్క్రిప్ట్ వచ్చినవాళ్లకి అసలేం వేయనక్కర్లేదు. కీబోర్డ్ సెట్టింగ్స్, లేఅవుట్ ట్యాబ్, ప్లస్ నొక్కి తెలుగు కలుపుకోవడమే. అక్కడే సరళ లేఅవుట్ కూడా ఉంటుంది.
ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే అలవాటుంటే ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రామ్ కావాలి. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ఐబస్-ఎం17ఎన్ అని వెతికి వేయండి. మెనూలో ఇన్‌పుట్ మెథడ్ తెరిచి ఐబస్ ఎంచుకోండి. లాగౌట్ అయి మళ్లీ రండి (చాలామంది ఇది చేయక "రావట్లేదు" అంటారు). ఐబస్ ప్రిఫరెన్సెస్‌లో తెలుగు కింద ఆర్‌టీఎస్, ఐట్రాన్స్, ఆపిల్, పోతన వగైరా కనిపిస్తాయి. ఆర్‌టీఎస్ కలుపుకోండి. విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది.
ఆర్‌టీఎస్‌లో చిన్నబడి పెద్దబడి (స్మాల్, క్యాపిటల్) అక్షరాల తేడా ఉంటుంది. చిన్న ఎన్ కొడితే న, షిఫ్ట్‌తో కొడితే ణ. టీ, ఎల్ కూడా అంతే. ఫోన్‌లో లాగా పదం ఊహించి ఇవ్వదు, కొట్టిందే పడుతుంది. వారం తిట్టుకుంటారు, తర్వాత ఫోన్‌ని తిట్టుకుంటారు.

డీటీపీ_దుర్గ
అను ఆపిల్ లేఅవుట్ చేతికి పట్టినవాళ్లు ఆ జాబితాలోని ఆపిల్ తీసుకుంటే పాత అలవాటు చాలావరకు కలిసొస్తుంది. నూటికి నూరూ కాదు.

వరంగల్_వైఫై
విండోస్ కూడ అదే డిస్క్‌ల ఉంచుకునేటోళ్లకు (ఎస్‌ఎస్‌డీ కొననోళ్లకు) రెండు ముచ్చట్లు. ఒకటి, విండోస్‌ల ఫాస్ట్ స్టార్టప్ బంద్ చెయ్యాలె. లేకపోతే షట్‌డౌన్ చేసినా విండోస్ సగం నిద్రల్నే ఉంటది, మింట్ నుంచి సీ డ్రైవ్ తెరిస్తే రాయనియ్యదు. రెండు, బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) ఆన్ ఉన్నదేమో చూసి తీసెయ్యాలె, కనీసం రికవరీ కీ కాగితం మీద రాసుకోవాలె. సీ డ్రైవ్ తగ్గించుడు కూడ విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లనే చెయ్యుండ్రి, మింట్ ఇన్‌స్టాలర్‌తోని కాదు.

శివారు_సర్వర్
కొత్త లాప్‌టాప్‌లలో ఇన్‌స్టాలర్‌కి డిస్కే కనబడదు. దానికేం చెప్తారు?

బూట్‌లోడర్_బాధితుడు
బయోస్‌లో స్టోరేజ్ ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ మోడ్‌లో ఉంటే అలా అవుతుంది, ఏహెచ్‌సీఐకి మార్చాలి. అలాగని నేరుగా మార్చేస్తే విండోస్ నీలి తెర వేసి కూర్చుంటుంది. ముందు ఎంఎస్‌కాన్ఫిగ్‌లో బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టి రీస్టార్ట్. మధ్యలో బయోస్‌లోకి వెళ్లి ఏహెచ్‌సీఐ చేయండి. విండోస్ సేఫ్ మోడ్‌లో లేచి ఏహెచ్‌సీఐ డ్రైవర్ పట్టుకుంటుంది. తర్వాత ఆ టిక్ తీసేసి మళ్లీ రీస్టార్ట్. బిట్‌లాకర్ ఉంటే అంతకంటే ముందే సస్పెండ్ చేయాలి.

గోళీసోడా_మూత
ఎస్‌ఎస్‌డీ, ర్యామ్ వచ్చాయి (డీడీఆర్4 అని తేలింది, టాస్క్ మేనేజర్ చిట్కాకి థాంక్స్). మింట్ 22 ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎక్కింది, మల్టీమీడియా కోడెక్‌ల టిక్ కూడా పెట్టాను. బూట్ 20 సెకన్ల లోపే. హార్డ్ డిస్క్ తర్వాతే క్యాడీలో పెట్టాను, ఎఫ్9 కొట్టి విండోస్ కూడా తెరుచుకోవచ్చు. మూడు తలనొప్పులు మిగిలాయి:
వైఫై రూటర్ పక్కనుంటేనే వస్తోంది, పక్క గదిలోకి వెళ్తే ఒక్క గీత.
మింట్ వాడి విండోస్‌లోకి వెళ్తే గడియారం ఐదున్నర గంటలు వెనక్కి పోతోంది.
ప్రింటర్ జాబితాలో కనిపిస్తుంది, ప్రింటు కొడితే "కంప్లీటెడ్" అంటుంది, కాగితం కదలదు.

ఎక్స్‌ఎఫ్‌సీఈ_వీరాభిమాని
గడియారం సులువు. మదర్‌బోర్డు గడియారాన్ని లినక్స్ గ్రీనిచ్ టైమ్‌గా పెడుతుంది, విండోస్ అదే అంకెని మన టైమ్ అనుకుని చదువుతుంది. మనకీ గ్రీనిచ్‌కీ తేడా ఐదున్నర గంటలు, సరిగ్గా అంతే వెనక్కి. టెర్మినల్‌లో ఒకే ఒక్క లైను, ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి: టైమ్‌డేట్‌సీటీఎల్, స్పేస్, సెట్-లోకల్-ఆర్‌టీసీ, స్పేస్, 1. మొదటి పదంలో టైమ్, డేట్ స్పెల్లింగులు, తర్వాత సీ, టీ, ఎల్, అన్నీ కలిపి. పాస్‌వర్డ్ అడిగితే ఇవ్వండి.

గోళీసోడా_మూత
కమాండ్లు వద్దన్నా కదండీ 🙂 కొట్టాను, సరయింది.

వరంగల్_వైఫై
వైఫై కార్డ్ ఏంది? సిస్టమ్ రిపోర్ట్స్‌ల నెట్‌వర్క్ అని ఉన్న దగ్గర చూసి చెప్పుండ్రి.

గోళీసోడా_మూత
రియల్‌టెక్ ఆర్‌టీఎల్8723బీఈ.

వరంగల్_వైఫై
అనుకున్న. ఈ కార్డ్‌కు యాంటెన్నా తీగ పెట్టే పిన్నులు రెండుంటయి. కొన్ని లాప్‌టాప్‌లల్ల తయారు చేసేటప్పుడు ఒక్క తీగనే బిగించి వదిలేస్తరు. డ్రైవర్‌కు ఆ సంగతి తెల్వక ఖాళీ పిన్ను దిక్కు చెవి పెట్టి కూసుంటది. గందుకే రూటర్ పక్కకుంటేనే ఇనిపిస్తది.
డ్రైవర్‌కు ఏ పిన్నో మనమే చెప్పాలె. ఈటీసీ ఫోల్డర్‌ల మోడ్‌ప్రోబ్.డీ అని ఇంకో ఫోల్డర్ ఉంటది. దాని మీద కుడి క్లిక్ కొట్టి రూట్‌గ తెరిచి, ఆర్‌టీఎల్8723బీఈ.కాన్ఫ్ పేరుతోని ఖాళీ ఫైల్ చెయ్యుండ్రి. లోపల ఒక్కటే లైను, మొత్తం చిన్నబడి ఇంగ్లిష్‌ల: ఆప్షన్స్, స్పేస్, ఆర్‌టీఎల్8723బీఈ, స్పేస్, యాంట్_సెల్=2. యాంట్, సెల్ నడుమ అండర్‌స్కోర్, ఈక్వల్‌కు అటూ ఇటూ స్పేస్ ఉండద్దు. రీస్టార్ట్. 2తోని కాకపోతే 1 పెట్టి చూడుండ్రి. రెండిట్ల ఏదో ఒకటి పడ్తది.

పుదీనా_పచ్చడి
ప్రింటర్ సంగతి. 1020 లోపల ఫర్మ్‌వేర్ నిలవ ఉండదు. స్విచ్ వేసిన ప్రతిసారీ కంప్యూటరే దానికి ఫర్మ్‌వేర్ పంపాలి. విండోస్‌లో డ్రైవర్ ఆ పని నిశ్శబ్దంగా చేసేది. మింట్‌లో హెచ్‌పీలిప్ అనే హెచ్‌పీ డ్రైవర్ ఉంటుంది గానీ ఆ ఫర్మ్‌వేర్ ఓపెన్ సోర్స్ కాదు, అందుకని విడిగా ప్లగిన్ దించుకోవాలి. అది లేకపోతే ప్రింటర్ పేరు కనిపిస్తుంది, పని తీసుకున్నట్టు నటిస్తుంది, కాగితం మాత్రం లాగదు. మీకు జరిగింది అదే.
జాబితాలో ఇప్పుడున్న ప్రింటర్ తీసేయండి. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో హెచ్‌పీలిప్-జీయూఐ వేయండి. మెనూలో హెచ్‌పీలిప్ టూల్‌బాక్స్ తెరిచి "సెటప్ డివైజ్", యూఎస్‌బీ. మధ్యలో ప్లగిన్ దించనా అని అడుగుతుంది, సరే అనండి, నెట్ ఉండాలి. అయ్యాక ప్రింటర్ ఆపి ఆన్ చేయండి. ఫర్మ్‌వేర్ అందగానే లోపల మోటార్ ఒకసారి గర్రుమంటుంది. ఆ చప్పుడు వినబడితే పని అయిపోయినట్టే.
గుర్తుంచుకోవాల్సింది: మింట్ వెర్షన్ మారి హెచ్‌పీలిప్ వెర్షన్ కూడా మారితే ప్లగిన్ మళ్లీ దించాలి. రెండింటి నంబర్లు ఒకటే కావాలి.

శివారు_సర్వర్
నాది కేనన్ ఎల్‌బీపీ2900. దానికి?

పుదీనా_పచ్చడి
అయ్యో.

ఎక్స్‌ఎఫ్‌సీఈ_వీరాభిమాని
అయ్యో అని వదిలేయకండి, కంపెనీ క్యాప్ట్ డ్రైవర్ ఉంది. పనిచేస్తుంది.

పుదీనా_పచ్చడి
పనిచేస్తుంది, కేబుల్ ఊడదీసి పెట్టేదాకా. ఆ తర్వాత సీసీపీడీ అనే సర్వీసుని మళ్లీ మొదలుపెట్టాలి, అదీ టెర్మినల్‌లో. పైగా 32 బిట్ లైబ్రరీలు అడుగుతుంది. కొత్తవాళ్లకి నేను చెప్పను. విడిగా క్యాప్ట్‌డ్రైవర్ అని ఓపెన్ సోర్స్‌ది ఉంది, 2900కి దాంతో ప్రింటు వస్తుంది, కానీ కంపైల్ చేసుకోవాలి. రోజూ జెరాక్స్ షాపు పనికైతే ఆ ప్రింటర్‌ని విండోస్ మెషీన్‌కే ఉంచండి.

జీఎస్టీ_అక్క
ఎప్సన్ ఎల్3110, ఎల్3210 వాళ్లు?

ఎక్స్‌ఎఫ్‌సీఈ_వీరాభిమాని
ప్రింటుకి ఈఎస్‌సీపీఆర్ డ్రైవర్, స్కానింగ్‌కి ఎప్సన్ స్కాన్ 2, రెండూ లినక్స్‌కి ఉన్నాయి. వేస్ట్ ఇంక్ ప్యాడ్ నిండిందని లైట్లు మెరిస్తే వాడే రీసెట్టర్ ప్రోగ్రామ్ మాత్రం విండోస్‌దే. ఏడాదికో రెండేళ్లకో ఒకసారి దానికోసం ఎవరిదో విండోస్ లాప్‌టాప్ అడగాల్సి వస్తుంది.

ఖాళీ_స్లాట్
గేములు ఎవరూ అడగలేదు, నేనే అడుగుతా. వాలరెంట్?

బూట్‌లోడర్_బాధితుడు
రాదు. దాని వాన్‌గార్డ్ యాంటీ చీట్ విండోస్ కెర్నల్‌లో కూర్చుంటుంది. ఫోర్ట్‌నైట్ కూడా రాదు. జీటీఏ 5 ఒంటరిగా ఆడుకోవచ్చు, ఆన్‌లైన్ 2024 సెప్టెంబరు నుంచి పోయింది. స్టీమ్‌లో ఒక్కరే ఆడేవి చాలావరకు ప్రోటాన్‌తో (విండోస్ గేములని లినక్స్‌లో నడిపేది) నడుస్తాయి. ఐ3-6006యూ మీద ఏం ఆడతారు గానీ, సాలిటైర్ బాగా వస్తుంది.

గోళీసోడా_మూత
యాంట్_సెల్ 1తో తేడా లేదు, 2 పెట్టాక పక్క గదిలో నాలుగు గీతలు. ప్రింటర్ గర్రుమంది! తెలుగు ఉత్తరం ఒకటి కొట్టాను, దుర్గ గారు చెప్పినట్టే రెండు లైన్లు కింది పేజీకి జారాయి, పైనా కిందా మార్జిన్ తగ్గించి సర్దాను.
టైమ్‌షిఫ్ట్ పెట్టుకోమంటోంది అప్‌డేట్ మేనేజర్. అది ఫైళ్ల బ్యాకపేనా?

పుదీనా_పచ్చడి
కాదు, ఇక్కడే చాలామంది మోసపోతారు. టైమ్‌షిఫ్ట్ సిస్టమ్‌ని వెనక్కి తిప్పడానికి. మామూలు సెట్టింగ్‌లో మీ హోమ్ ఫోల్డర్‌ని ముట్టుకోదు. అప్‌డేట్ తర్వాత తెర నల్లబడితే నిన్నటి స్థితికి తెస్తుంది, పొరపాటున డిలీట్ చేసిన ఉత్తరాన్ని తేదు. ఉత్తరాలకి వేరే కాపీ ఉండాలి.
ఆర్‌సింక్ మోడ్ ఎంచుకోండి, రోజుకొకటి, రెండు మూడు మాత్రమే ఉంచమనండి. ఎక్కువ పెడితే 240 జీబీ డిస్క్ ఎలా నిండిందో అర్థం కాదు. క్యాడీలో ఉన్న హార్డ్ డిస్క్ మీద పెడదామనుకుంటే ఎన్‌టీఎఫ్‌ఎస్‌ని ఒప్పుకోదు, అందులో ఒక ఈఎక్స్‌టీ4 పార్టిషన్ చేయాలి. విండోస్ భాగాన్ని తగ్గించేది విండోస్ నుంచే, వరంగల్ అన్న చెప్పింది మర్చిపోకండి.

వరంగల్_వైఫై
అప్‌డేట్ మేనేజర్ తెరిచినవ్ కదా, సాఫ్ట్‌వేర్ సోర్సెస్‌ల మిర్రర్ (అప్‌డేట్లు దించుకునే సర్వర్) కూడ మార్చుకో అన్న. మెయిన్, బేస్ అని రెండుంటయి, నొక్కితే అన్నిటి స్పీడు కొలిచి చూపిస్తది. పైన వచ్చింది ఎంచుకో.

గోళీసోడా_మూత
మార్చాను. మొదటి అప్‌డేట్ 600 ఎంబీ చూపిస్తోంది, దిగుతోంది. ఇంతలో ఆర్‌టీఎస్‌లో "క్ష" ఎలా కొట్టాలో చెప్తారా తాత గారూ, మా ఊరి పేరు రాయలేకపోతున్నా.

టైపురైటర్_తాత
కే, ఎస్, హెచ్ వరసగా కొట్టండి. ఇంతకీ ఏ ఊరు?

గోళీసోడా_మూత
ద్రాక్షారామం. పడింది.